లెవూకా వెళ్ళిన శనివారం

ఆ శుక్రవారం మధ్యాహ్నం బడి ఆఫీసులో ఫోన్ మోగినప్పుడు అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను. హెడ్‌మాస్టరుగారు వెళ్ళిపోయారు. క్లర్కు కూడా తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. సోమవారం పరీక్షకు ప్రశ్నలు టైపు చేస్తూ కూర్చున్నాను. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళు దాటిన రోజులవి. సువాలో ఒక ప్రైమరీ బడిలో నేను టీచరుగా ఉన్నాను.

"నేను లంబాసా నుంచి. మా చెల్లి ఉందా టీచర్?" అన్నాడు అవతలి మనిషి.

ఆయన చెల్లెలు నా స్నేహితురాలు. అంతకు ముందు ఏడాదే బదిలీ మీద మా బడికి వచ్చింది. వాళ్ళది ఉత్తరాన ఇంకో దీవిలో, లంబాసా పక్కన టాబియా. వాళ్ళ నాయన చెరుకు రైతు. నాకన్నా రెండేళ్ళు చిన్నది కాబట్టి నన్ను అక్కా అనేది. మా ఇంట్లో అన్నయ్య, వదిన, నేను అందరం ఫిజీ హిందీలోనే మాట్లాడుకునేవాళ్ళం. తెలుగు మాకు భజనల్లో మిగిలింది, అంతే. ఆమెకు మాత్రం తెలుగు చదవడం, రాయడం కూడా వచ్చు. ఎప్పుడో ఎవరో ఇండియా నుంచి తెచ్చిన చిరిగిన పెద్దబాలశిక్ష పెట్టుకుని వాళ్ళ నాయన నేర్పించాడట. మధ్యాహ్నం భోజనాల వేళ స్టాఫ్‌రూములో కూర్చుని ఆమె నాకు అక్షరాలు దిద్దించేది. నేనిప్పుడు రాస్తున్న ఈ తెలుగు అలా నాకు వచ్చింది. అంటే ఆ ముసలాయన దగ్గర నుంచి వచ్చింది.

"బయటికి వెళ్ళింది. ఏం చెప్పమంటారు?" అన్నాను.

"నాయనకు బాగా లేదు. నిన్న పొలంలో పడిపోయింది. ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది. మాట్లాడుతుంది, ఘబ్రావ్ నయ్, కంగారు పడొద్దు అని చెప్పండి. కానీ చెల్లిని అడుగుతుంది. రేపు ప్లేన్‌లో వచ్చేయమని చెప్పండి."

మా ఫిజీ తెలుగులో మగవాళ్ళకైనా 'ఉంది', 'పడిపోయింది' అనే అంటారు చాలామంది. ఆ తేడాలన్నీ ఎప్పుడో కరిగిపోయాయి.

"చెప్తాను. ఇప్పుడే చెప్తాను," అన్నాను.

"ఠీక్ హై టీచర్," అని ఆయన పెట్టేశాడు. నా పేరు అడగలేదు. నేనూ చెప్పలేదు.

నా స్నేహితురాలు వెళ్ళింది బస్టాండుకు. మర్నాడు మేమిద్దరం లెవూకా వెళ్ళాలి. లెవూకా ఒవలౌ అనే చిన్న దీవి మీద ఉంది. సువా కంటే ముందు ఫిజీకి రాజధాని అదే. మన దేశాన్ని ఇంగ్లీషు రాణికి అప్పజెప్పింది అక్కడే అని ఆమె ఏటా ఆరో తరగతికి పాఠం చెప్పేది గాని, ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. నేనూ చూడలేదు. ఆ ప్రయాణం అప్పటికి మూడుసార్లు ఆగింది. ఒకసారి తుపాను, ఒకసారి లాంచీ చెడిపోయింది, ఒకసారి మా వదినకు జ్వరం. పెళ్ళికాని ఆడపిల్లలిద్దరు దీవి దాటి షికారుకు వెళ్ళడమంటే మా ఇంట్లో ఒప్పించడానికి నాకు నెల పట్టింది. పైగా అన్నయ్య నాకు సంబంధాలు చూస్తున్నాడు. ఈసారి కూడా ఆగిపోతే ఇక ఎప్పటికీ వెళ్ళలేనని నాకు గట్టిగా అనిపించింది.

అరగంట తర్వాత ఆమె వచ్చింది. చెమట పట్టిన మొహంతో గుమ్మంలో నిలబడి, "సీట్లు దొరికాయి అక్కా. డ్రైవరు వెనకాల సీటే," అంది.

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ నా నోట్లోంచి వచ్చింది, "పులిహోర నేను చేస్తాను, నువ్వు రొట్టెలు చేయి" అన్న మాట.

మాట్లాడుతున్నాడని వాళ్ళన్నే అన్నాడు కదా, కంగారు లేదన్నాడు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. రేపు సాయంత్రం చెప్తాను, ఎల్లుండి పొద్దున ప్లేన్ ఎక్కుతుంది, ఒక్క రోజులో ఏమవుతుంది అనుకున్నాను. అలా అనుకుంటూనే ఆఫీసు తలుపుకు తాళం వేశాను.

శనివారం తెల్లవారుతూనే బస్సు ఎక్కాం. కిటికీ పక్కన ఆమె కూర్చుంది. రేవా నది వంతెన దాటాక వర్షం వెలిసి, ఎండ వచ్చింది. ఆమె పాడటం మొదలుపెట్టింది. వాళ్ళ పొలాల్లో చెరుకు కొట్టేటప్పుడు ఆడవాళ్ళు పాడుకునే పాటట. పక్క వరసలో కూర్చున్న ఫిజియన్ ముసలమ్మ ఇటు తిరిగి, నవ్వి, తన బుట్టలోంచి రెండు కమలాపళ్ళు తీసి ఇచ్చింది. "వినాకా, వినాకా" అని ఫిజియన్‌లో థాంక్స్ చెప్పి, నా స్నేహితురాలు కమలాపండు వలిచి ఒక తొన నా నోట్లో పెట్టింది. ఆ తొన నాకు గొంతులో అడ్డం పడింది. దగ్గు వచ్చిందని వీపు మీద తట్టింది.

నటోవి రేవులో లాంచీ ఎక్కాం. అల పెద్దదిగా వచ్చినప్పుడల్లా ఆమె నా చెయ్యి పట్టుకుని నవ్వేది. టాబియా నుంచి సువాకు వచ్చేటప్పుడు ఓడలో దారి పొడవునా వాంతులు చేసుకున్నదాన్ని, ఈ రోజు చూడు ఎలా ఉన్నానో అనేది. నిజంగానే ఆమెను అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. చూస్తున్నకొద్దీ, ఈ సంతోషం నేనే ఇచ్చాను అని ఒక క్షణం, నేనే దొంగిలించాను అని ఇంకో క్షణం అనిపించేది.

లెవూకా చాలా చిన్న ఊరు. సముద్రం, దాని పక్కన ఒకే ఒక వీధి, వీధికి వెనకాల నిటారుగా కొండ. పాత చెక్క దుకాణాలు వరసగా ఉన్నాయి. పైన ఎప్పటివో పేర్లు వెలిసిపోయిన రంగులో కనిపిస్తున్నాయి. చేపల ఫ్యాక్టరీ వాసన గాలితో పాటు వచ్చి పోతూ ఉంది. రాజధాని అంటే ఇంతేనా అని ఆమె ముందు కాస్త చిన్నబుచ్చుకుంది. తర్వాత ప్రతి దుకాణం ముందు ఆగి, తలుపు మీద చెయ్యి వేసి చూసింది. చెరుకు తోటల్లో కూలి ఒప్పందం మీద మన వాళ్ళను మోసుకొచ్చిన మొదటి గిర్మిట్ ఓడ ఈ సముద్రంలోనే ఆగిందట, మన తాతల ఓడలు తర్వాతివి అని చెప్పింది. "ఇక్కడ నిలబడి చూస్తే వాళ్ళకు ఆ కొండే కనబడి ఉంటుంది కదక్కా. ఎంత భయపడ్డారో," అంది.

ఆ వీధిలోనే పోస్టాఫీసు ఉంది. శనివారం కాబట్టి మధ్యాహ్నానికి మూసేస్తారని తెలిసి గబగబా లోపలికి వెళ్ళింది. చర్చి బొమ్మ ఉన్న కార్డు ఒకటి కొంది. కౌంటరు మీద వంగి తెలుగులో రాయడం మొదలుపెట్టింది. నేను పక్కనే నిలబడ్డాను.

"నాయనా, నేను పాఠం చెప్పే ఊరికి వచ్చాను. నువ్వు ఎప్పుడూ లంబాసా దాటలేదు. వచ్చే సెలవుల్లో నిన్ను తీసుకొస్తాను. ఇక్కడి కొండ మెట్లు ఎక్కలేవు, కింద కూర్చుందువుగాని."

రాసింది రాసినట్టు నాకు చదివి వినిపించింది. ఆ కౌంటరు చివర, గోడకు, ఒక టెలిఫోను ఉంది. లంబాసాకు కలపమంటే కలిపేవాళ్ళు. నేను దాన్ని చూశాను. ఆమె స్టాంపు నా చేతికి ఇచ్చి, "నువ్వు అంటించక్కా, నా చేతులు తడిగా ఉన్నాయి," అంది. అంటించాను. కౌంటరు వెనక ఉన్న ఆయన ముద్ర వేసి కార్డును సంచిలో పడేశాడు. ఆ చప్పుడు విన్నాక కూడా నేను చెప్పలేదు. అప్పటికి పొద్దున పది దాటింది. ఇప్పుడు చెప్తే, నిన్న ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. ఒక పూట దాచిన మాటకు మరో పూట దాచడమే సులువైన దారిగా కనిపించింది.

తర్వాత కొండ మెట్లు ఎక్కాం. నూట తొంభై తొమ్మిది మెట్లని పుస్తకంలో ఉంది. లెక్కపెడుతూ ఎక్కుదామంది. పైకి చేరేసరికి ఆమెకు రెండు వందల మూడు వచ్చాయి, నాకు నూట ఎనభై చిల్లర. "నీ ధ్యాస ఎక్కడుంది? పిల్లలకు లెక్కలు నువ్వే కదా చెప్పేది," అని ఎగతాళి చేసింది. మళ్ళీ దిగి మళ్ళీ ఎక్కుదామని పట్టుపట్టింది. నిజంగానే సగం దాకా దిగాం. అక్కడ కూర్చుని రొట్టెలు, వంకాయ కూర, పులిహోర తిన్నాం. పులిహోరలో ఉప్పు మర్చిపోయానని అప్పుడు తెలిసింది. దానికి కూడా ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. కింద చర్చి గడియారం పన్నెండు కొట్టింది. కాసేపాగి మళ్ళీ పన్నెండు కొట్టింది. ఈ ఊళ్ళో అది గంటను రెండుసార్లు చెప్తుందట. వినని వాళ్ళ కోసమని ఆమె అంది.

లంబాసా ఆస్పత్రిలో వాళ్ళ నాయనకు మాట పడిపోయింది ఆ వేళప్పుడే. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం ఊరి చివరన, దేశాన్ని అప్పజెప్పిన చోట నిలిపిన రాయి దగ్గరికి నడిచాం. పిల్లలకు చూపించడానికి ఆమె దాని బొమ్మ గీసుకుంది. మూడింటి లాంచీకి తిరిగి ఎక్కాం. వచ్చేటప్పుడు నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. సువా చేరేదాకా నేను భుజం కదపలేదు.

సాయంత్రం ఎవరి ఇంటికి వాళ్ళం వెళ్ళాం. గంట సేపు ఇంట్లో కూర్చుని, లేచి ఆమె గదికి వెళ్ళాను. దారిలో అబద్ధం సిద్ధం చేసుకున్నాను. మా ఇంట్లో ఫోను ఉండేది.

"ఇప్పుడే మీ ఊరివాళ్ళెవరో మా ఇంటికి ఫోన్ చేశారు. మీ నాయన ఆస్పత్రిలో ఉన్నాడట. నిన్ను రమ్మంటున్నారు," అన్నాను.

ఆమె అరవలేదు, ఏడవలేదు. మంచం మీద కూర్చుని, "ఎలా ఉందట?" అంది. "మాట్లాడుతున్నాడట," అన్నాను. నాకు తెలిసింది శుక్రవారం నాటి సంగతి.

ఆదివారం పొద్దున నౌసోరి విమానాశ్రయానికి నేనే తోడు వెళ్ళాను. వెళ్ళబోయే ముందు నన్ను పట్టుకుని, "నిన్నంతా నవ్వించావు, ఈ రోజు నువ్వే పరుగెత్తావు. నీ మేలు ఎలా చెప్పుకోను అక్కా," అంది.

వాళ్ళ నాయన ఇంకో పదకొండు రోజులు ఉన్నాడు. కళ్ళు తెరిచి చూసేవాడట. కూతుర్ని గుర్తుపట్టాడని, చెయ్యి పట్టుకున్నాడని, మాట మాత్రం రాలేదని ఆమె చెప్పింది. లెవూకా కార్డు నాలుగో రోజున చేరిందట. ఆయన కళ్ళకు దగ్గరగా పెడితే చాలాసేపు చూశాడట.

దినాలు అయ్యాక సువాకు తిరిగి వచ్చింది. మొదటి రోజు స్టాఫ్‌రూములో ఎవరూ లేనప్పుడు నన్ను అడిగింది.

"మా అన్న శుక్రవారమే బడికి ఫోన్ చేశానంటాడు. ఎవరో టీచరు ఎత్తిందట, చెప్తానందట. ఆ కార్డు మీద శనివారం ముద్ర చూసి నా మీద ఎగిరాడు. నాయన అలా పడుంటే లెవూకాలో షికారు చేశావా అన్నాడు. శుక్రవారం ఫోన్ ఎవరైనా ఎత్తారా అక్కా?"

"శుక్రవారం చివరిదాకా ఆఫీసులో నేనే ఉన్నాను. ఫోన్ ఏదీ రాలేదు," అన్నాను.

"నేనూ అదే అన్నాను. చేయడం మర్చిపోయి, ఆ తప్పు నా నెత్తిన రుద్దుతున్నాడు," అంది.

దాచిన మాట కన్నా ఇది పెద్ద పాపం. మొదటిది భయంతో, ఆశతో చేశానని చెప్పుకోవచ్చు. దీనికి చెప్పుకోవడానికి ఏమీ లేదు. నన్ను నేను కాపాడుకోవడానికి, నేను చూడని ఒక మనిషిని అబద్ధాలకోరును చేశాను. అదీ ఆయన సొంత చెల్లెలి దగ్గర.

అన్నాచెల్లెళ్ళకు మాటలు ఆగిపోయాయి. సెలవుల్లో ఆమె టాబియా వెళ్ళడం మానేసింది. రాఖీ పండక్కి ఆమె పోస్టులో కూడా రాఖీ పంపలేదు. ఏడాది తిరిగాక నాయన పేరున చేయాల్సిన పూజకు కూడా వెళ్ళలేదు, సువా గుడిలోనే విడిగా చేయించింది. నేను పక్కన కూర్చుని పళ్ళెం పట్టుకున్నాను. ఆ మధ్యలోనే నాకు పెళ్ళి నిశ్చయమై, తర్వాత అయిపోయింది కూడా. నా పెళ్ళిలో అందరికన్నా ఎక్కువ పని చేసింది ఆమే. వచ్చినవాళ్ళందరికీ మా లెవూకా ప్రయాణం గురించి చెప్పేది. నా బతుకులో అంత మంచి రోజు లేదు అనేది.

రెండో ఏడాది పూజ దగ్గర పడింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ఆమె గదికి వెళ్తే, టీ పెడుతూ అంది: "అమ్మ ఉత్తరం రాసింది. అన్న పొలం దగ్గర ఒక్కడే కూర్చుని ఏడుస్తున్నాడట. తప్పు ఒప్పుకుంటే నేనే వెళ్తాను కదా. అబద్ధం మీద అబద్ధం చెప్తుంటే ఎలా వెళ్ళేది?"

"అబద్ధం చెప్పింది మీ అన్న కాదు," అన్నాను.

ఆమె తిరిగి చూసింది.

"ఫోన్ శుక్రవారమే వచ్చింది. ఎత్తింది నేను."

స్టవ్ తగ్గించింది. తర్వాత నా ఎదురుగా వచ్చి కూర్చుని, ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు.

"బస్సులో నేను పాడేటప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

"ఆ ముసలమ్మ పళ్ళు ఇచ్చినప్పుడు?"

"తెలుసు."

"మెట్ల మీద తింటున్నప్పుడు?"

"తెలుసు."

"నేను కార్డు రాస్తుంటే పక్కనే నిలబడ్డావు. స్టాంపు నువ్వే అంటించావు."

"అవును."

"లాంచీలో నీ మీద తల పెట్టుకుని పడుకున్నాను కదా. అప్పుడు కూడా చెప్పాలనిపించలేదా?"

నేను తల దించుకున్నాను.

"నాయన పోయాక, ఆ ఒక్క రోజు చాలా బాగుందిలే అని దాచుకున్నానక్కా. ఎప్పుడైనా ఏడుపొస్తే ఆ మెట్లు తల్చుకునేదాన్ని. ఇప్పుడు అది కూడా లేకుండా చేశావు," అంది.

ఒప్పుకుంటే బరువు దిగుతుందని అందరూ అంటారు. నా బరువు సంగతి నాకు ఆ క్షణంలో గుర్తులేదు. ఒకసారి మాట దాచి ఆమె దగ్గర ఒకటి తీసుకున్నాను, ఇప్పుడు మాట చెప్పి ఇంకొకటి తీసుకున్నాను. చెప్పకపోతే వాళ్ళన్న జీవితాంతం అబద్ధాలకోరుగా మిగిలేవాడు. చెప్పడమే సరి అని నాకు ఇప్పటికీ తెలుసు. కానీ ఆమె మొహం చూశాక, సరైన పని చేశానన్న మాట నా నోటితో ఎప్పుడూ అనలేకపోయాను.

క్షమించమని అడిగాను. "ముందు అన్నను అడగాలి నేను," అంది. టీ రెండు కప్పుల్లో పోసి, ఒకటి నా ముందు పెట్టింది. ఆమె మాత్రం తాగలేదు.

ఆ వారమే సెలవు పెట్టి టాబియా వెళ్ళింది. అన్నాచెల్లెళ్ళు కలిసిపోయారని, పూజ ఇద్దరూ కలిసి చేశారని వేరేవాళ్ళ ద్వారా విన్నాను. తర్వాత లంబాసాకే బదిలీ చేయించుకుంది. వెళ్ళే ముందు బడిలో అందరితో పాటు నాకూ చెప్పి వెళ్ళింది. నేను రెండు ఉత్తరాలు రాశాను. ఒకదానికి జవాబు వచ్చింది. పిల్లల గురించి, వానల గురించి చక్కటి అక్షరాలతో రాసింది. అక్కా అని మాత్రం లేదు, టీచర్‌గారికి అని మొదలుపెట్టింది.

చాలా ఏళ్ళ తర్వాత, దేశంలో గొడవలు జరిగి మా వాళ్ళు సగం మంది ఆక్లాండు, సిడ్నీ వెళ్ళిపోయాక, లౌటోకాలో తెలుగువాళ్ళ సభ ఒకటి జరిగింది. మా ఆయనకు అప్పుడు అక్కడ ఉద్యోగం. లంబాసా నుంచి కూడా కొందరు వచ్చారు. ఆమె రాలేదు. భోజనాలయ్యాక మగవాళ్ళు చాప పరుచుకుని, యంగోనా వేరు దంచి కలిపిన నీళ్ళు కొబ్బరి చిప్పలతో తాగుతున్నారు. ఎండకు నల్లబడిన, జుట్టు నెరిసిన ఒక రైతు అక్కడ నుంచి లేచి, నేను కూర్చున్న కుర్చీ దగ్గరికి వచ్చాడు. గొంతు వినగానే ఆ శుక్రవారం ఫోన్ గుర్తొచ్చింది.

"సువాలో ఫోన్ ఎత్తిన టీచర్ మీరేనా?"

"అవును. నేనే."

పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తిట్టడానికి రాలేదని ముందే చెప్పాడు. చెల్లి బాగుందని, హెడ్‌టీచర్ అయిందని చెప్పాడు.

"చెప్తాను అన్నారు కదా మీరు. ఆ మాట నాయనకు చెప్పాను. చెల్లి రేపు వస్తుంది అన్నాను. శనివారం పొద్దున తన గడ్డం గీయమంది నాయన. ఇలా చూస్తే పిల్ల భయపడుతుంది అంది. నేనే గీశాను. మంచి చొక్కా వేయమంది, వేశాను. పొద్దుటి ప్లేన్‌లో రాలేదు. మధ్యాహ్నం ప్లేన్‌లో వస్తుందిలే అన్నాను. అప్పుడే, మాట్లాడుతూ ఉండగానే, మాట పోయింది."

"ఏం మాట్లాడుతున్నారు అప్పుడు?" అని అడిగాను.

"చెల్లికి టిఫిన్ పెట్టారా అని అడుగుతుంది. చెల్లి వచ్చేసింది అనుకుంది నాయన," అన్నాడు.

చాప మీద నుంచి ఎవరో ఆయన్ని పిలిచారు. లేచి, వెళ్ళబోతూ ఆగి, "చెల్లికి ఇది చెప్పాను. మీకు కూడా తెలియాలి అనుకున్నాను. అంతే," అన్నాడు. వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుని, తన వంతు చిప్ప అందుకున్నాడు.

మా ఆయన వచ్చి ఇంటికి వెళ్దామా అన్నాడు. కాసేపు ఆగుదాం అన్నాను.